1,200 క్రిస్మస్ కార్డులు, పది తాళ్లు: శ్రీకాకుళం నుంచి ఒక కేస్ స్టడీ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటే వేళకి, శ్రీకాకుళంలో మా సంఘం హాల్లో నాలుగు తాళ్ల నిండా క్రిస్మస్ కార్డులు ఆరుతున్నాయి. ముందురోజు సాయంత్రం కిటికీలు బిగించి తాళం వేసింది నేనే. మర్నాడు సాయంత్రానికి గానీ వెళ్లలేకపోయాను. తలుపు తీసేసరికి గోడ వైపు తాళ్ల మీదవి నీలం రంగు కారిపోయి ఉన్నాయి. మిగతావి వేగిన అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి. అప్పటికి పది రోజులుగా పదకొండు మంది ఆడవాళ్లు చేసిన పని అది. ఉద్దానం వైపు నుంచి వచ్చే ఇద్దరు ఆ తర్వాత నెల రోజులు రాలేదు. వాళ్ల కొబ్బరి చెట్లు, జీడి చెట్లు కూలిపోయాయి, కార్డులు గుర్తుండే స్థితిలో లేరు.

ఆ ఏడాది మేం ఒప్పుకున్నది 600 కార్డులు, నవంబరు 30కి. ఇచ్చింది 410, డిసెంబరు 14న. కార్డు పోస్టులో వెళ్లి అందడానికి నాలుగైదు రోజులైనా కావాలి కాబట్టి 14న ఇవ్వడమంటే దాదాపు ఇవ్వనట్టే. ఆర్డరు ఇచ్చినవాళ్లు ఒక్క మాట అనలేదు, డబ్బు ఇచ్చారు. కానీ చాలా రోజులు నేను తుఫాను పేరు చెప్పి సరిపెట్టుకున్నాను. తర్వాత ఏడాది 1,200 కార్డుల ఆర్డరు వచ్చినప్పుడు కాగితం మీద లెక్క వేసి చూస్తే, తుఫాను రాకపోయినా ఆ 600 కార్డులు నేను అనుకున్న రోజుల్లో అయ్యేవి కావని తేలింది. ఆ లెక్క, దాన్నిబట్టి 2019లో మేం మార్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. పొదుపు సంఘాల్లోనో, చర్చి స్త్రీల సమాజాల్లోనో ఇలాంటి పని తలకెత్తుకునేవాళ్లకి ఉపయోగపడాలని నా కోరిక.

లెక్క ఎక్కడ తప్పింది

2018లో నేను వేసుకున్న లెక్క మనుషుల లెక్క. పదకొండు మంది, మనిషికి రోజుకి నాలుగు కార్డులు, రోజుకి 44. పద్నాలుగు రోజుల్లో 600 దాటిపోతాయి. నవంబరు 30 దాకా రెండు నెలలు ఉంది. ఎంత ధీమాగా ఉన్నానో ఇప్పటికీ గుర్తుంది.

ఆ కార్డు తయారీలో మూడు తడి పనులున్నాయి. మొదట అట్ట మీద నీలం పోస్టర్ రంగు పూత, అది రాత్రి ఆకాశం. ఆరాక ఎక్స్‌రే ఫిలింతో కోసిన స్టెన్సిల్ పెట్టి తెల్ల రంగుతో కొండలు, పాక, అక్షరాలు. అది ఆరాక నక్షత్రం మీద జిగురు, తళుకు పొడి. ప్రతి పని తర్వాతా కార్డు తాడెక్కి దిగాలి. అంటే 600 కార్డులు 1,800 సార్లు తాడెక్కాలి. ఒక్కో తాడు పదహారు అడుగులు. కార్డు కార్డుకి ఎనిమిది అంగుళాలు వదిలితే తాడుకి 24. నాలుగు తాళ్లకి 96. అక్టోబరులో మా దగ్గర గాలి తడిగా ఉంటుంది, పోస్టర్ రంగు రాత్రంతా ఉంచితే గానీ చేతికి అంటకుండా ఆరదు. కాబట్టి రోజుకి ఒక్క విడత. 1,800ని 96తో భాగిస్తే దాదాపు 19 రోజులు. వర్షం లేకుండా, ఒక్క తాడు కూడా ఖాళీగా ఉండకుండా, ఒక్క కార్డు కూడా పాడవకుండా ఉంటే 19 పనిదినాలు. తాళ్లు నిండాక మనుషులు ఖాళీగా కూర్చుంటారు. నిజంగా కూర్చున్నారు కూడా. ఇంకో నలుగురిని తెచ్చుకుందామా అని ఆ రోజుల్లో ఆలోచించాను. పనికి కావలసింది మాత్రం ఇంకో నాలుగు తాళ్లు.

అందుకే ఇప్పుడు ఎవరు ఏ డిజైన్ చూపించినా మొదట తడి పనులు లెక్కపెడతాను. జిగురు, రంగు, తళుకు, వార్నిష్, ఏదైనా సరే, ఆరబెట్టాల్సినదైతే ఒకటి. కార్డుల సంఖ్యని దానితో గుణించి, తాళ్ల మీద పట్టే సంఖ్యతో భాగిస్తే ఎన్ని విడతలో తెలుస్తుంది. 2019 ఆర్డరుకి తాళ్లు పదికి పెంచాను, 240 కార్డులు పట్టేలా. పాత డిజైనే అయితే, తరుగుకి కలుపుకొని 1,280 కార్డులకి 3,840 ఆరబెట్టడాలు, పదహారు విడతలు. డిజైన్‌లో ఒక్క తడి పని మాత్రమే ఉండేలా మార్చేసరికి ఐదు విడతల పైచిలుకుతో అయిపోయింది. త్వరగా ఆరే అట్ట వాడటంతో రోజుకి రెండు విడతలు పడ్డాయి, కాబట్టి మూడు రోజులు.

ఇంకో అపోహ కూడా వదులుకోవాల్సి వచ్చింది. చేత్తో చేసిన కార్డు అంటే మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషే చెయ్యాలని నాకు పట్టుదలగా ఉండేది. పని ముక్కలు చేస్తే అది ఫ్యాక్టరీ అయిపోతుందని భయం. అసలు క్రిస్మస్ కార్డు పుట్టుక చదివాక ఆ భయం పోయింది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, తనకొచ్చే పండగ ఉత్తరాలన్నిటికీ విడివిడిగా జవాబు రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించాడు. దాన్ని సుమారు వెయ్యి ప్రతులు గీతలుగా అచ్చు వేయించి, ఆ గీతల్లో చేత్తో రంగులు నింపించాడు. ఒక్కోటి ఒక షిల్లింగు. అంటే అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి క్రిస్మస్ కార్డే టోకు పని. బొమ్మ ఒకరిది, అచ్చు ఒకరిది, రంగు ఇంకొకరిది. చెయ్యి ఎక్కడ కనపడాలో అక్కడ కనపడితే చాలు.

అట్ట, మడత, బరువు

2019 కార్డు మడిచాక 5×7 అంగుళాలు, తెరిస్తే 10×7. అట్ట 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 250 గ్రాములు), మెరుపు లేనిది, 22×28 అంగుళాల షీట్లు. 28 వైపు ఏడేసి అంగుళాల చొప్పున నాలుగు, 22 వైపు పదేసి చొప్పున రెండు. షీటుకి ఎనిమిది కార్డులు, పక్కన 28 అంగుళాల పొడవున రెండంగుళాల పట్టీ మిగులుతుంది. 160 షీట్లకి 1,280 కార్డులు. మిగిలిన పట్టీలు పారెయ్యలేదు, కట్టలకి చుట్టడానికీ, కానుకల మీద కట్టే చీటీలకీ పనికొచ్చాయి.

ఇలాగే కొయ్యాలి. అడ్డంగా తిప్పి కోస్తే షీటుకి ఆరే వస్తాయి, పైగా మడత చిట్లుతుంది. అట్టలో పీచు ఒక దిశలో పరుచుకుని ఉంటుంది, ప్రెస్సువాళ్లు గ్రెయిన్ అంటారు. మడత ఆ దిశలో పడితే నున్నగా వంగుతుంది, ఎదురు పడితే అంచు పగిలి తెల్లగా పీచు లేస్తుంది. షీటుని రెండు చేతులతో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచితే, ఏ వంపు మెత్తగా వస్తుందో ఆ మడత గీత వెంటే పీచు దిశ. మేం తెచ్చిన షీట్లలో పీచు 28 అంగుళాల వైపు ఉంది, ఏడంగుళాల మడత గీత సరిగ్గా దాని వెంట పడింది. అయినా కొనేముందు కొట్లోనే నిలబడి వంచి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మెరుపు లేని అట్ట ఎందుకంటే, ఆర్ట్ కార్డు లాంటి నున్నటి పూత మీద రంగు లోపలికి ఇంకదు, పైపైన నిలబడి గంటల తరబడి అంటుతూ ఉంటుంది. ముట్టుకుంటే బరబరలాడే అట్ట అయితే తాడు మీద సగం సమయం మిగులుతుంది. ఇదీ ఆరబెట్టే లెక్కలో భాగమే.

కోతకి ప్రెస్సులో కటింగ్ మిషన్ ఉంది, అరగంటలో అయిపోయింది. 2018లో కత్తెరలతో నాలుగు రోజులు కోశాం. చెయ్యి గొప్పతనం కోతలో లేదు.

మడత గీతకి వడ్రంగి చేత ఒక చెక్క చేయించాం. ప్లైవుడ్ ముక్క, రెండంచులకి ఎల్ ఆకారంలో సన్న బీడింగు, మధ్యలో లోతు తక్కువ గాడి. కార్డుని మూలకి ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గాడి వెంట ఒక్క గీత గీస్తే చాలు. పెన్సిలుతో కొలిచి, గుర్తు పెట్టి, స్కేలు పెట్టి గీస్తే కార్డుకి దగ్గర దగ్గర నిమిషం పట్టేది. చెక్క మీద పన్నెండు సెకన్లు. ఈ చెక్కకి ఖర్చు పెట్టడానికి ముందు ఏడాది నేను వెనకాడాను, దాని విలువ ఇప్పుడు తెలుసు.

బరువు సంగతి చాలామంది చివర్లో చూస్తారు. మా 2018 కార్డుకి నక్షత్రం పైకి లేవాలని ఫోమ్ టేపు పెట్టాం, రంగు పూతలు, తళుకు. కవరుతో కలిపి 26 గ్రాములు తూగింది. అప్పట్లో ఉత్తరానికి 20 గ్రాముల దాకా ఐదు రూపాయల తపాలా బిళ్ల, దాటితే ఇంకో ఐదు. ప్రతి కార్డుకీ ఆర్డరు ఇచ్చినవాళ్లు రెట్టింపు బిళ్లలు అంటించుకోవాల్సి వచ్చింది. అది పూర్తిగా నా తప్పు. 2019లో డిజైన్ ఖాయం చేసేముందే లెక్క వేశాం. అట్ట పదకొండు గ్రాముల పైచిలుకు, లోపలి కాగితం 70 జీఎస్‌ఎంలో మూడు గ్రాముల లోపు, కవరు ఐదు. మొత్తం 19. అలంకరణకి మిగిలింది ఒక్క గ్రాము. ఒక్క గ్రాములో ఏం పెట్టగలం అన్న ప్రశ్న నుంచే ఆ కార్డు పుట్టింది. మాదిరి కార్డుని తెలిసిన బంగారు కొట్లో కాటా మీద తూయించాను. 19 గ్రాముల మీద నాలుగు పాయింట్లు చూపించింది.

నూలు చుక్క

ఒక్క గ్రాములో పెట్టగలిగింది దారం.

పొందూరు మాకు దగ్గరే. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, సన్నటి నూలు వడుకుతారు. ఆ నూలుతో కార్డు మీద నక్షత్రం కుడితే బాగుంటుందని మాలో ఒకావిడ అంది. ఒక చిన్న చిలప తెచ్చుకున్నాం. మొదటి పోగు సూదికి ఎక్కించి అట్టలోంచి లాగగానే పుటుక్కున తెగిపోయింది. చీరకి సరిపోయే సన్నదనం అట్ట అంచు రాపిడికి నిలబడదు. ఎనిమిది పోగులు కలిపి తొడ మీద పురి పెట్టి చూశాం, ఆగింది. దానితో పాటు ఒక జరీ పోగు కలిపాం. తెల్ల నూలు మధ్య జరీ కనపడీ కనపడనట్టు మెరుస్తుంది. తళుకు పొడి ఇవ్వని మెరుపు అది. పైగా ఆరబెట్టక్కర్లేదు.

కుట్టడానికి ముందు కన్నాలు. మందపాటి అట్ట ముక్క మీద మధ్యలో ఒకటి, చుట్టూ ఎనిమిది చుక్కలు పెట్టి మాదిరి చేశాం. ఐదేసి కార్డులు సరిగ్గా పేర్చి, కింద పాత థర్మోకోల్ పెట్టి, దబ్బనంతో ఒక్క పోటు. ఐదు దాటితే కింది కార్డులో కన్నం పక్కకి జరుగుతుంది. కన్నం అంచుకి మరీ దగ్గరైతే దారం లాగినప్పుడు అట్ట చిరుగుతుంది, అలా ఏడు పోయాయి.

కన్నాలు అందరికీ ఒకటే. కానీ మధ్య నుంచి ఏ కన్నానికి ముందు వెళ్లాలి, ఏ కిరణానికి రెండు వరసలు వెయ్యాలి, దేన్ని ఒంటి పోగుతో వదలాలి, అది కుట్టేవాళ్ల ఇష్టానికి వదిలేశాను. పని ముక్కలు చేసినా చెయ్యి కనపడాల్సిన చోటు ఇదే అనిపించింది. మూడో రోజుకి చూస్తే ఏ నక్షత్రం ఎవరిదో దూరం నుంచే చెప్పగలిగేదాన్ని. ఒకావిడ కింది కిరణం ఎప్పుడూ లావుగా వేసేది. అడిగితే, "పాక మీద ఎలుగు పడాల కదమ్మా" అంది. కుట్టుకి పది నిమిషాలు పట్టేది. 1,200కి రెండు వందల గంటలు. ఆరబెట్టే అడ్డంకి తీసేశాక అసలు సమయం ఇక్కడే ఖర్చయింది, అవ్వాల్సింది కూడా ఇక్కడే. ఆ ఏడాది పనిచేసిన తొమ్మిది మందిలో ఐదుగురిని కుట్టుకే ఉంచాను.

ఈ మధ్యలో ఒక సలహా వచ్చింది. సీతంపేట కొండల్లోని సవరల గోడ బొమ్మలు కార్డు మీద వేస్తే పట్నంలో బాగా పోతుందన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ బొమ్మలకి వాళ్ల ఇళ్లలో, పూజల్లో ఒక స్థానం ఉంది. వాళ్లు గీసి వాళ్లు అమ్ముకుంటే సంతోషంగా కొంటాను. మేం చూసి దించుకోవడం న్యాయం కాదు. మా కార్డు మీద వేసింది రోజూ మేం చూసేదే: రెండు తాటిచెట్లు, ఒక పశువుల పాక, వెనక కొండ గీత.

తెలుగు అక్షరాలతో తిప్పలు

ఇంగ్లిషు కార్డుల పద్ధతులు చూసి నేర్చుకునేవాళ్లు ఇక్కడ తప్పకుండా దెబ్బ తింటారు, మేం తిన్నాం. స్టెన్సిల్లో అక్షరం కోస్తే లోపల మూసుకుపోయిన భాగం ఊడి కింద పడుతుంది. ఇంగ్లిషులో అలాంటి అక్షరాలు కొద్దే. తెలుగు అంతా గుండ్రాలే. 'క్రిస్మస్ శుభాకాంక్షలు' అన్న రెండు మాటల్లో గుడి చుట్టు ఉంది, సున్న ఉంది. 2018లో మేం కోసిన స్టెన్సిల్లో సున్న నడిబొడ్డు ఊడిపోయి, కార్డు మీద సున్నకి బదులు తెల్లపూస లాంటి నిండు చుక్క పడింది. సన్న వంతెనలు వదిలి కోస్తే సున్న రెండు ముక్కలయింది. ఇక వత్తులు. పై వరస అక్షరాల క్రారావడి, మావత్తు కిందికి దిగి కింది వరస తలకట్లని తాకేస్తాయి. వరసల మధ్య ఎడం ఇంగ్లిషుకి వదిలినంత వదిలితే చాలదు.

స్క్రీన్ ప్రింటింగుతో, అంటే ఫ్రేముకి బిగించిన సన్నటి వలలోంచి రంగు తోసి అచ్చు వెయ్యడంతో, ఈ బాధ పోయింది. సున్న మధ్య భాగాన్ని ఆ వల పట్టుకుని ఉంచుతుంది. పెళ్లికార్డుల కొట్లో స్క్రీను తయారు చేయించి, అచ్చు మేమే వేసుకున్నాం. స్క్రీను ఫ్రేముని బల్లకి కీళ్లతో బిగించి, కార్డు ఆనించడానికి మూడు అట్ట ముక్కలు అంటించాం. ఒకరు కార్డు పెట్టడం, ఒకరు రంగు తోసే స్క్వీజీ లాగడం, ఒకరు తీసి తాడుకి తగిలించడం. హాల్లో పిల్లలు కూడా తిరుగుతుంటారు కాబట్టి వాసన లేని నీటి రంగు వాడాం. దానితో ఒక ఇబ్బంది ఉంది, పది నిమిషాలు చెయ్యి ఆపితే వలలో ఆరిపోయి కన్నాలు పూడుకుపోతాయి. అన్నాలకి లేచేముందు స్క్రీను కడిగి తీరాలి. క్లిప్పు ఎప్పుడూ వెనక అట్ట అంచుకే పెట్టాలి. కొత్త అట్ట మీద బట్టల క్లిప్పు నొక్కు పోదు.

మొదటి రోజు నలభై కార్డులు పడ్డాయో లేదో, తాడుకి తగిలిస్తున్న పెద్దావిడ ఆగిపోయింది. ఆవిడ చదువు వయోజన విద్యలో నేర్చుకున్నది, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతుంది.

"ఓలమ్మా, ఇదేటి, సున్న లేదు? శుభాకా... క్షలు. ఇలగే ఉంటాదా?"

ఉండదు. సున్న లేదు. మేం ఫోనులో పంపిన మాటలు కొట్లో వాళ్ల ఫాంటులో తెరుచుకోక మళ్లీ టైపు చేశారు, అక్కడ జారిపోయింది. నమూనా ఫోటో నాకు పంపారు, నేను చూసి సరే అన్నాను. తెలిసిన మాట కాబట్టి కన్ను చదివేసింది, చూడలేదు. అప్పటి నుంచి నమూనాని కాగితం మీద తీయించి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాళ్ల చేతికే ముందు ఇస్తున్నాను. ఆ రోజు స్క్రీను మళ్లీ చేయించడానికి సగం రోజు పోయింది. నలభై కార్డులు పక్కన పెట్టాం.

లోపలి కాగితం అంటించడం చిన్న పనే, కానీ చెడగొట్టడం సులువు. కాగితమంతా జిగురు పూస్తే అట్ట ఆ వైపు తడి పీల్చుకుని ఉబ్బి వంగిపోతుంది. 2018లో కార్డులన్నీ వంకర తిరగడానికి సగం కారణం ఇదే, పూత ఒక్క వైపే పడటం. మడతకి ఆనుకుని ముందు అట్ట లోపలి వైపు అర సెంటీమీటరు జిగురు గీత చాలు. కాగితం కుట్టు వెనక భాగాన్ని కప్పేస్తుంది. పాతికేసి పేర్చి పైన రాయి పెడితే రాత్రికి రాత్రి పట్టుకుంటుంది. తడి పనే అయినా తాడు అక్కర్లేదు.

మనుషులు, రోజులు, డబ్బు

పని 2019 నవంబరు 20, బుధవారం మొదలుపెట్టి 30, శనివారం ముగించాం. మధ్యలో 24 ఆదివారం, క్రైస్తవ కుటుంబాలవాళ్లు గుడికి వెళ్తారు. 28 మార్గశిర మాసంలో మొదటి లక్ష్మివారం, అంటే గురువారం. ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లకి దీని గురించి చెప్పక్కర్లేదు. తెల్లారకముందే ఇల్లు కడిగి, ముగ్గు పెట్టి, లక్ష్మీపూజ చేసుకునే రోజు. ఆ రోజు ఇంట్లోంచి పైసా బయటికి ఇవ్వరు. "లక్ష్మివారం నాను రానమ్మా, ఇంటికి లక్ష్మి వొచ్చీ రోజు" అని ముందే చెప్పేశారు. క్రిస్మస్ పని ఎక్కువగా కార్తీక, మార్గశిరాల్లోనే పడుతుంది. ఈ రోజుల్ని క్యాలెండర్లో ముందే కొట్టేసి లెక్క వేసుకోకపోతే చివర్లో ఒకరి మీద ఒకరికి విసుగు వస్తుంది. మా తొమ్మిది మందిలో ఐదుగురు హిందువులు, నలుగురు క్రైస్తవులు. ఒకరి పండగకి ఒకరు పని సర్దుకున్నారు, దీని గురించి నేను ఏమీ చెప్పాల్సిన అవసరమే రాలేదు.

పసుపు సంగతి మాత్రం చెప్పాలి. వంట చేసి, పూజ చేసి వచ్చిన చేతులు ఎంత కడుక్కున్నా గోళ్ల అంచున పసుపు ఉంటుంది. తెల్ల అట్ట మీద వేలిముద్ర రంగులో పడిపోతుంది, చెరిపితే ఇంకా పాకుతుంది. మొదటి రెండు రోజుల్లో పదకొండు కార్డులు అలా పోయాయి. గుమ్మం దగ్గర సబ్బు, నీళ్లు, పొడి తువ్వాలు పెట్టాక తగ్గింది. పసుపు చేతులవాళ్లకి కన్నాలు పొడిచే పని ఇద్దామనుకున్నాను గానీ, అది ఒకరిని వేరుగా కూర్చోబెట్టినట్టు అవుతుందని మానుకున్నాను.

కూలి మొదట కార్డుకింత అని పెట్టాను. రెండో రోజుకే తేడా వచ్చింది. మడత గీత గీసేవాళ్లకి గంటకి వందలు అవుతాయి, కుట్టేవాళ్లకి ఆరు. రేటు ఎంత సర్దినా ఎవరో ఒకరికి అన్యాయమే. పైగా వేగం పెరిగి కుట్టు వదులైంది. అందరికీ రోజుకి 300 అని మార్చేశాను. పని స్థానాలు రోజూ మధ్యాహ్నం మార్చుకునేవాళ్లు, లేకపోతే కుట్టేవాళ్ల మెడ, కళ్లు తట్టుకోవు.

ఖర్చు పూర్తిగా చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. అట్ట 2,240, కవర్లు 3,000, లోపలి కాగితం అచ్చుతో కలిపి 900, స్క్రీను, రంగు కలిపి 1,300, జరీ 450, నూలు 200, జిగురు 240, ప్రెస్సు కోత 400, మడత చెక్కకి 350, ప్యాకింగు 500. మొత్తం సామాను 9,580. తొమ్మిది మందికి తొమ్మిది రోజుల కూలి 24,300. రెండూ కలిపి 33,880. కార్డుకి 28 రూపాయల పైచిలుకు, అందులో సామాను ఎనిమిది, చేతులు ఇరవై. ధర 35 అని చెప్పాం, 42,000 వచ్చాయి. మిగిలిన 8,120 సంఘం పెట్టెలో వేశాం. బేరమాడేవాళ్లు ఎప్పుడూ "కాస్త పల్చటి అట్ట వేసి తగ్గించండి" అంటారు. అట్టలో తగ్గేది అర్ధరూపాయి. మిగతాది ఆ ఇరవైలోంచే తియ్యాలి, నేను తియ్యను. ధర దగ్గర గట్టిగా నిలబడలేకపోతే ఈ పని ఒప్పుకోకపోవడమే మేలు.

1,280లో అక్షరం పోయినవి నలభై, అచ్చు పక్కకి జరిగినవి పదిహేను, పసుపు మరకలవి పదకొండు, కన్నం చిరిగినవి ఏడు. 1,207 నిలిచాయి. తరుగుకి 80 కలుపుకోబట్టి సరిపోయింది. ఆ సున్న ఇంకో గంట ఆలస్యంగా కనపడి ఉంటే సరిపోయేది కాదు. ఇప్పుడు నూటికి పది కలుపుకుంటున్నాను. పాతికేసి కార్డుల కట్ట, ప్రతి కట్టనీ కట్టినవాళ్లు కాక ఇంకొకరు లెక్కపెట్టడం, చీటీ మీద ఇద్దరి గుర్తులూ. డిసెంబరు 2, సోమవారం పెట్టెలు విశాఖపట్నం బస్సెక్కాయి.

తర్వాత ఒక ఫిర్యాదు వచ్చింది. రెండు మూడు కార్డుల్లో నక్షత్రం దారం వదులై కిరణాలు వేలాడాయని. తెప్పించి చూశాను. వెనక వేసిన ముడి చిన్నది, ఎనిమిది పోగుల పురి విడిపోయి కన్నంలోంచి జారిపోయింది. ముడి పెద్దది వేస్తే లోపలి కాగితం మీద బొడిపె తేలుతుంది. ఇప్పుడు ముడి వెయ్యడం లేదు. దారం కొసని వెనక మూడు కుట్ల కిందుగా దూర్చి, దాని మీద అంగుళం కాగితపు టేపు నొక్కి అంటిస్తున్నాం. అప్పటి నుంచి ఊడినట్టు కబురు రాలేదు.